పొద్దటి పళ్లెం

సూరత్‌లో రైలు పట్టాలు దాటి తూర్పుకు పోతే లింబాయత్. రైలు వంతెన గర్నాలా కింది నుంచి ఆటో బయటపడిందో లేదో సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు మొదలైంది. శ్రావణమాసం, సన్నటి వాన. షెడ్ల రేకుల మీద పడే చినుకుల శబ్దం ఆ చప్పుడులో వినిపించనే లేదు. సందుల్లోకి పోయే కొద్దీ బోర్డుల మీద తెలుగు అక్షరాలు, గడపలకు పసుపు, గోడల మీద మార్కండేయుడి పటాలు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలి కుటుంబాలు భీవండికి, షోలాపూర్‌కు, ఇక్కడికి బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చి తరాలు గడిచాయి. వాళ్ల పిల్లల కోసం సూరత్ మున్సిపాలిటీ తెలుగు మీడియం బడులు నడుపుతోంది.

అలాంటి బడిలో పాఠాలు చెప్పే ఒక టీచరమ్మ పిలిస్తే వచ్చాను. ఒక చిన్న దవాఖానా పైగదిలో గురువారం మధ్యాహ్నాలు కొందరు కూడుతున్నారని ఆమె ఫోన్లో చెప్పారు. బరువు తగ్గాలని కడుపు కట్టుకుని, రాత్రయ్యేసరికి తిండి ఆపుకోలేక కుమిలిపోయేవాళ్లు. కౌన్సెలర్ గుజరాతీ ఆమె, హిందీలో మాట్లాడతారు. ఆడవాళ్లలో చాలామందికి మనసులోని మాట తెలుగులోనే వస్తుంది కాబట్టి టీచరమ్మ మధ్యలో కూర్చుని అటుదిటు, ఇటుదటు చెబుతారు.

తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలి అని గుజరాతీలో సామెత. పొద్దున్నే ఆవిరి మీద లోచో, రసావాలా ఖమణ్, చలికాలంలో ఊంధియూ, లేత జొన్నల పోంక్, శరత్ పూర్ణిమ మర్నాడు చాందనీ పడవో వస్తే ఇంటింటా ఘారీ. ఇలాంటి ఊళ్లో బరువు తగ్గాలనుకునే మనిషికి చుట్టూ ఉన్న తిండే శత్రువని ఎవరైనా అనుకుంటారు. ఆ గదిలో కూర్చున్నాక నాకు తెలిసింది వేరు. వాళ్ల కష్టం తిన్న దగ్గర కంటే తినకుండా ఉన్న దగ్గర మొదలవుతోంది.

గదిలో చాపలు పరిచి ఉన్నాయి. బరువు చూసే మిషన్‌ను గోడవైపు తిప్పి పెట్టారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో కూర్చుని చీరలకు లేసు అతికించేవాళ్లు, దారాలు కత్తిరించేవాళ్లు. మగమనిషి ఒక్కడే, సాంచెల మీద పనిచేసేవాడు, తలుపు పక్కన కూర్చున్నాడు.

లేసు పని చేసే నలభై ఏళ్ల ఒకావిడ ముందు మాట్లాడింది. మోకాళ్ల నొప్పులకు డాక్టరు దగ్గరికి పోతే బరువు తగ్గమన్నారట. ఎవరో వాట్సాప్‌లో పంపిన చార్టు పట్టుకుంది. పొద్దున తేనె నిమ్మరసం, మధ్యాహ్నం కీరదోస ముక్కలు, అన్నం బంద్. దాని మీద సోమవారం ఒకపొద్దు, శనివారం వెంకన్నకు ఒకపొద్దు.

“పొద్దంత మంచిగనే ఉంట టీచరమ్మా. ఆయన రాత్రి పాళికి వోయినంక, పిల్లలు పండుకున్నంక మొదలైతది. కుక్కర్ల మిగిలిన అన్నం, దాంట్ల ఇంత నెయ్యి, పచ్చడి. అది అయిపోంగనే సేవు ప్యాకెట్. పిల్లల టిఫిన్‌కని తెచ్చిన నాన్‌ఖటాయి. లైటు గూడ ఎయ్య. నిలవడే తింట. రుచి తెల్వది. కడుపు నొస్తది, అయినా చెయ్యి ఆగది. ప్యాకెట్లు పిల్లలకు కనవడకుండ చెత్త డబ్బా అడుగున వెడ్త.”

“నేను గూడ లైటు ఎయ్యనక్కా,” అంది పక్కనున్న చిన్నామె. అంతవరకూ ఆమె నోరు విప్పలేదు.

మన ఇళ్లలో దీనికి పెట్టే పేరు తిండిపోతుతనం. వైద్యం దీన్ని బింజ్ ఈటింగ్ అంటుంది. అమెరికాలో ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే మానసిక వైద్యుడు 1959లోనే దీన్ని గుర్తించి రాశాడు. అయినా అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన జబ్బుల పట్టికలో దీనికి సొంత స్థానం ఇచ్చింది 2013లో. పెళ్లి భోజనంలో నాలుగు లడ్డూలు ఎక్కువ తినడం ఈ లెక్కలోకి రాదు. కొద్దిసేపట్లో మామూలుగా ఎవరూ తిననంత తినడం, ఆపుదామన్నా ఆగకపోవడం, ఆకలి లేకున్నా గబగబా తినడం, సిగ్గుతో చాటున తినడం, తర్వాత తన మీద తనకే రోత పుట్టడం. వారానికి ఒకసారైనా, మూడు నెలల పాటు ఇలా జరుగుతుంటే వైద్యం చేయించుకోవలసిన జబ్బు. ఆ మాట టీచరమ్మ తెలుగులో చెప్పినప్పుడు చిన్నామె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తనకు బుద్ధి లేదని అత్త, తనకు నోటి మీద అదుపు లేదని భర్త అంటూ వస్తే, చివరికి తను కూడా నమ్మేసిన మాటకు బదులుగా మొదటిసారి ఇంకో మాట వింది.

కౌన్సెలర్ అప్పుడు ఒక పాత సంగతి చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను తీసుకున్నాడు. ఆకలితో నకనకలాడుతున్న యూరప్ ప్రజలకు మళ్లీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడం ఆయన ఉద్దేశం. 1945లో 24 వారాల పాటు వాళ్లకు సగం తిండే పెట్టాడు. బరువులో నాలుగో వంతు పోయింది. పోయింది బరువొక్కటే కాదు. వాళ్ల ధ్యాసంతా తిండి మీదికి మళ్లింది. కలలోనూ తిండే, మాటల్లోనూ తిండే, కొందరైతే వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. మళ్లీ స్వేచ్ఛగా తిననిచ్చాక కొందరు ఒళ్లు చెడేంతవరకు తిన్నారు, కడుపు నిండినా ఆకలి తీరడం లేదన్నారు.

“ఒకపొద్దు నాడు నేను ఫోన్ల వంటల వీడియోలే చూస్త,” అంది లేసు పనావిడ. ఎవరూ నవ్వలేదు. అందరూ తలలూపారు.

ఆ యువకులు బుద్ధి తక్కువై అలా తినలేదు. కరువొచ్చిందనుకున్న శరీరం తన ప్రాణం తాను కాపాడుకుంది. ఇది అర్థమయ్యాక చికిత్స ఎందుకు అలా ఉందో తెలుస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ దశాబ్దాలు పనిచేసి రూపం ఇచ్చిన పద్ధతిలో మొదటి మందు తినడమే. రోజుకు మూడు భోజనాలు, మధ్యలో రెండు మూడుసార్లు చిన్న తిండి. ఎప్పుడు తింటామో ముందే అనుకోవాలి. నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉంచొద్దు. రాత్రి ఎంత తిన్నా, ఆకలి లేకున్నా, పొద్దున మళ్లీ తినాలి.

ఈ చివరి మాట దగ్గర గదిలో గొడవైంది. “రాత్రి అంత మింగినంక పొద్దుగాల మళ్ల తినాల్నా? ఇంక లావైతం గద మేడమ్!” ఒకరు కాదు, ముగ్గురు నలుగురు ఒక్కసారే. కౌన్సెలర్ విసుక్కోలేదు. రాత్రి తిన్నందుకు శిక్షగా పొద్దున మానేస్తే సాయంత్రానికి మళ్లీ అదే కరువు, రాత్రికి మళ్లీ అదే చీకటి వంటిల్లు అని ఓపిగ్గా చెప్పారు. టీచరమ్మ తెలుగులోకి మార్చేటప్పుడు ఇంకో మాట సొంతంగా కలిపారు: “అక్కా, రాత్రి పోరు రాత్రి గెలువలేం. పొద్దటి పళ్లెంలనే గెలువాలె.” నాకు అక్కడ విన్న మాటలన్నిటిలోకీ అదే గట్టిదనిపించింది. మనోబలం గురించి ఉపన్యాసాలు వినీ వినీ అలసిపోయిన ఆడవాళ్లకు ఒక పళ్లెం గురించి చెప్పారు. అది చేతిలో పట్టుకోగలిగింది.

రెండో పనిముట్టు నోటుబుక్కు. తిన్న వెంటనే రాయాలి: ఎప్పుడు, ఏం, ఎక్కడ, అంతకుముందు ఏం జరిగింది. కేలరీలు రాయకూడదు. చదువు రాని ఒకామె చుక్కలు పెట్టుకుంది, అదుపు తప్పిన రాత్రికి ఎర్ర చుక్క. నాకు చూపించమంటే ఇచ్చింది. ఎర్ర చుక్కలన్నీ ఒకపొద్దుల రోజుల్లో, అత్తతో మాటామాటా అయిన రోజుల్లో, లేసు పని డబ్బులు ఆలస్యమైన రోజుల్లో ఉన్నాయి. వరుసగా రెండు వారాలు చూశాక ఆమెకే తెలిసిందట. “నాకు దయ్యం వట్టిందనుకున్న. దయ్యం గాదు, గిది శనివారం,” అంది.

ఒకపొద్దు మానమని ఎవరూ చెప్పలేదు. నాకది నచ్చింది. భక్తిని జబ్బు కింద కట్టకుండా, పాలు, పండ్లు, సగ్గుబియ్యం ఉప్మా వేళకు తీసుకుంటూ ఉండొచ్చన్నారు. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం డాక్టరును అడక్కుండా ఉపవాసం చేయకూడదని గట్టిగా చెప్పారు. బరువు తగ్గడానికి శనివారాన్ని వాడుకోవడం వేరు, దేవుడి కోసం ఉండటం వేరు అని లేసు పనావిడ తనంతట తానే అంది.

ఆ సాయంత్రం నేను వాళ్లతో కలిసి లోచో తినడానికి వెళ్లాను. అది కూడా చికిత్సలో భాగమే. జన్మలో ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్న పదార్థాన్ని, మనసు కుదురుగా ఉన్న రోజున, వెలుతురులో, మనుషుల మధ్య, కూర్చుని తినాలి. నిషేధమే పిచ్చిని పెంచుతుంది. 1975లో జరిగిన ఒక ప్రయోగంలో మామూలు మనుషులు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. డైటింగ్‌లో ఉన్నవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగాక ఇంకా ఎక్కువ తిన్నారు. ఎలాగూ నియమం తప్పింది, ఇక ఎంతైతేనేం అన్న లెక్క. చిన్నామె బండి దగ్గర అదే తన మాటల్లో చెప్పింది: “ఒక్క బిస్కెట్ తింటె ఇగ ఖరాబైంది గద అని ప్యాకెట్ మొత్తం ఒడగొడ్త.”

బండివాడు ఆవిరి మూత తీసి, శనగపప్పు పిండి లోచోను గరిటెతో గీకి ఆకు దొన్నెలో వేశాడు. పైన నూనె, కారప్పొడి, ఉల్లిపాయలు, సేవు. చిన్నామె బెంచీ మీద కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. చుట్టూ చూసింది. ఎవరూ ఆమెను చూడటం లేదు, పక్కనున్న కాలేజీ పిల్లలు వాళ్ల గోలలో వాళ్లున్నారు. సగం అయ్యాక, “ఉప్పు ఎక్కువైంది,” అంది. టీచరమ్మ ముఖం వెలిగిపోయింది. చాన్నాళ్ల తర్వాత ఆ పిల్లకు రుచి తెలిసింది! మిగిలింది తిన్నది, ఇంకో దొన్నె అడగలేదు. అడిగినా తప్పు లేదని కౌన్సెలర్ ముందే చెప్పి పంపారు.

మరి బరువు? అందరూ అడిగే ప్రశ్న, అందుకే వచ్చారు గదా. కౌన్సెలర్ దాచలేదు. ఈ చికిత్సతో అదుపులేని తిండి చాలామందిలో తగ్గుతుంది గాని బరువు పెద్దగా తగ్గకపోవచ్చు. రాత్రుళ్లు కుదుటపడ్డాకే బరువు సంగతి, అదీ నెమ్మదిగా. మిషన్ ఎక్కేది వారానికి ఒక్కసారి. ఒకామె తెచ్చుకున్న ఆశ ఆ మాటతో కొంచెం చప్పబడటం కనిపించింది. అయినా నిజం చెప్పడమే మేలు. నెలలో పది కిలోలు తగ్గిస్తామన్నవాళ్ల చేతుల్లో పడి, తగ్గి, మళ్లీ అంతకంత పెరిగి వచ్చినవాళ్లే ఆ చాపల మీద సగం మంది.

మాటలతో కుదరని సందర్భాలూ ఉంటాయి. తిన్నది వేళ్లు పెట్టి కక్కేవాళ్లను, నిద్రపట్టక బతుకు మీదే విరక్తి చెందినవాళ్లను ఆ గదిలో ఆపరు, మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతారు. లింబాయత్‌కు దగ్గర్లోనే ఉమర్‌వాడాలో మున్సిపాలిటీ వైద్య కళాశాల స్మిమేర్ ఉంది, మజూరా గేట్ దగ్గర ప్రభుత్వ న్యూ సివిల్ ఆసుపత్రి ఉంది. కదల్లేనివాళ్లకు 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడొచ్చు. టీచరమ్మ ఆ నంబరును బడి పిల్లల చేత పెద్ద అంకెల్లో రాయించి గోడకు అంటించారు.

మర్నాడు ఆ మగమనిషి పనిచేసే షెడ్డుకు వెళ్లాను. గదిలో ఆయన ఎక్కువ మాట్లాడలేదు. మగవాళ్లకు ఇది రాదనుకుంటారు గాని వస్తుంది, చెప్పుకోవడమే తక్కువ. పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు వరకు పాళి. వరసగా సాంచెలు, మధ్య ఇరుకు దారి, గాలిలో నూలు ధూళి, మాట వినాలంటే చెవిలో అరవాలి. పొట్ట పెరుగుతోందని మధ్యాహ్నం టిఫిన్ మానేశాడు. రాత్రి ఇంట్లో తిని, నడిచొస్తానని చెప్పి బయటికి పోయి, ఎవరూ గుర్తుపట్టని వీధిలో బండి తర్వాత బండి తిరిగేవాడు.

ఇప్పుడు మధ్యాహ్నం రెండు రొట్టెలు, కూర. సాయంత్రం నాలుగింటికి ఉడికించిన శనగలు. చెప్పడానికి తేలికే. “సాంచె ఆగితె మీటర్లు తగ్గుతయ్. మీటర్లు తగ్గితె పైసలు తగ్గుతయ్ సార్,” అన్నాడు. కూలి మీటరు లెక్కనే. పక్క వరసలో గంజాం నుంచి వచ్చిన ఒడియా కుర్రాడున్నాడు. ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. నాలుగింటికి పది నిమిషాలు ఈయన సాంచెలు ఆ కుర్రాడు చూస్తాడు, నాలుగుంబావుకు ఆ కుర్రాడివి ఈయన చూస్తాడు. సేఠ్‌కు మీటర్లు తగ్గలేదు గనుక అడ్డు చెప్పలేదు.

నాలుగు కాగానే డబ్బా తెరిచి, మెట్ల మీద కూర్చుని శనగలు తిన్నాడు. జేబులోని చిన్న పుస్తకం తీసి టైము రాశాడు. ఒడియా కుర్రాడు తన వంతు వచ్చినప్పుడు ఆ పుస్తకాన్ని తిరగేసి, ఇది నాకూ కావాలని సైగ చేశాడు. మెస్సులో తను కూడా రాత్రుళ్లు అలాగే తింటున్నాడట.

ఆ రాత్రి టీచరమ్మకు ఈ సంగతి చెప్పాను. కౌన్సెలర్‌కు ఒడియా రాదు, ఆ కుర్రాడికి హిందీ అంతంతమాత్రం. “మన మున్సిపాలిటీల ఒడియా మీడియం బడి గూడ ఉన్నది గద,” అన్నారామె. “ఆడ పనిజేసే టీచర్ ఒకామె నాకు ఎర్కే. సోమవారం వోయి అడుగుత. గురువారం మధ్యాహ్నం గంట సేపు వస్తే సాలు.”