వైఫై పాస్‌వర్డ్ మార్చారా?

విశాఖపట్నంలోని మా కూర్మన్నపాలెం అపార్ట్‌మెంట్లలో ఫోన్ తెరిస్తే చాలా వైఫైలకు కంపెనీ పెట్టిన పేరే కనిపిస్తోంది. పాస్‌వర్డ్ కూడా కనెక్షన్ ఇచ్చిన రోజుదేనేమో! అది తెలిసిన వాళ్లెవరైనా మన నెట్ వాడేసుకోవచ్చు. అప్పుడు నష్టం నెట్ స్లో అవడంతో ఆగదండీ. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్ల బెదిరింపు మెయిల్ నవీ ముంబైలో ఒకరింటి వైఫై నుంచి వెళ్లింది. ఏ సంబంధమూ లేని ఆ ఇంటాయన పోలీసులకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

రూటర్ స్టిక్కర్ మీదున్న అడ్రస్ బ్రౌజర్‌లో కొట్టండి. అడ్మిన్ పాస్‌వర్డ్, వైఫై పాస్‌వర్డ్ రెండూ మార్చండి. సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 పెట్టండి, డబ్ల్యూపీఎస్ ఆపేయండి. ఎవరెవరి ఫోన్లు కనెక్టయ్యాయో లిస్టు చూడండి. ఫోన్ నంబరు, బండి నంబరు పాస్‌వర్డ్‌గా వద్దు. చుట్టాలొస్తే గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి.

స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన పెద్దవాళ్లలో చాలామందికి ఇవి తెలియవు. పిల్లలూ, ఈ ఆదివారం మీరే పక్కన కూర్చుని చేసిపెట్టండి.