ఊపిరితిత్తులు లేకుండానే నిట్టూర్పు!

మూడు రాత్రులుగా నాకు నిద్ర లేదు! పురుడు పోసుకున్న చెల్లెలు హాయిగానే పడుకుంటోంది. దాని పన్నెండు రోజుల కూతురూ పడుకుంటోంది. నేనే ఉయ్యాల పక్కన కూర్చుని లెక్కపెడుతున్నాను. ఏం లెక్కంటారా? ఊపిర్లు!

ఒకటి, రెండు, మూడు... గబగబా, గబగబా. ఉన్నట్టుండి ఆగిపోయింది! పొట్ట కదలదు. ముక్కుపుటలు కదలవు. నా ఊపిరీ ఆగింది. ఐదు సెకన్లు... ఆరు... ఏడు... ఏమీ ఎరగనట్టు మళ్లీ టకటకా మొదలు!

తెల్లారగానే డాక్టరు దగ్గరికి పరుగెడితే ఆవిడ నవ్వేసింది. పసిగుడ్లు ఊపిరి అలాగే తీస్తారట: నిమిషానికి 30 నుంచి 60 సార్లు, మధ్యమధ్య పది సెకన్లలోపు విరామాలు. ఇరవై సెకన్లు ఆగినా, ఒళ్లు నీలంగా మారినా మాత్రం క్షణం ఆలస్యం చెయ్యొద్దంది.

సరే, మరి ఆగినదాన్ని మళ్లీ మొదలుపెడుతున్నది ఎవరు?

సిగ్గులేకుండా చెప్పేస్తున్నాను, ఇన్నాళ్లూ ఊపిరితిత్తులే వాటంతట అవి ఉబ్బుతాయనుకున్నాను! గుండె తనంతట తాను కొట్టుకోవడం లేదూ, ఇదీ అంతే అనుకున్నా. కాదండీ! వాటికి సొంత తాళం లేనే లేదు. రొమ్ముకూ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రమ్ కండరాన్ని మెదడు కదపాలి. ప్రతి ఊపిరికీ ఒక కబురు. ప్రతి ఒక్క ఊపిరికీ!

ఆ కబురు బయల్దేరేది మెదడు అట్టడుగున, వెన్నుపాము మొదలయ్యే చోటికి కాస్త పైన, మజ్జాముఖం నుంచి. 19వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్లూరాన్స్ ఆ ప్రాంతాన్ని 'ప్రాణపు ముడి' అన్నాడు. అచ్చంగా మన ఆయువుపట్టు!

ఇక నన్ను కుర్చీలోంచి లేపేసిన సంగతి వినండి. 1991లో జెఫ్రీ స్మిత్, జాక్ ఫెల్డ్‌మన్, వారి సహచరులు అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల మెదడు కాండాన్ని (పాపం, ఆ పిల్ల!) పైనుంచి పలచటి పొరలుగా కోసుకుంటూ వచ్చారు. ఊపిరి లయ సాగుతూనే ఉంది. ఇంకా కోశారు. సాగుతూనే ఉంది! ఒక్కచోటికి కత్తి రాగానే ఆగింది. అయితే ఆ చోటు ఉన్న ముక్కను మాత్రమే విడిగా తీస్తే? ఆక్సిజన్ నింపిన ఉప్పునీళ్లలో, కాస్త పొటాషియం ఎక్కువ కలిపి ఉంచారు. అర మిల్లీమీటరు మందం ముక్క! రొమ్ము లేదు, ముక్కు లేదు, గాలే లేదు. అయినా నాలుకను కదిపే నరం మొదళ్లలోంచి లయగా సంకేతాలు... ఊపిరి తీసుకో, ఊపిరి తీసుకో!

నాకు ఒళ్లు జలదరించింది.

పసికందు మెదడే ఎందుకంటే, చిన్నదీ పలచనిదీ కాబట్టి, రక్తం అందకపోయినా నీళ్లలోని ఆక్సిజన్ లోపలిదాకా ఇంకుతుందట.

ఆ చోటి పేరు ప్రీబోట్‌జింగర్ కాంప్లెక్స్. నోరు తిరగడం లేదా? నాకూ తిరగలేదు. పక్కనున్న ప్రాంతానికి అప్పటికే బోట్‌జింగర్ అని పేరుంది. జర్మనీలో జరిగిన ఒక సమావేశంలో బల్ల మీదున్న వైన్ సీసా లేబుల్ చూసి పెట్టిన పేరది! మన ప్రాణాలు ఓ సీసా పేరు మోస్తున్నాయన్నమాట.

ఇంకా ఉంది! 2013లో పసి చుంచెలుకల ముక్కల మీద ఇంకో ప్రయోగం. అక్కడి కణాల్లో నాలుగింటి నుంచి తొమ్మిదింటిదాకా ఎంచి, కాంతితో ఒకేసారి రేపారు. అంతే! ఒకటి ఇంకోదాన్ని, అది మరోదాన్ని తట్టి లేపి, సెకను తిరక్కుండానే గుంపు గుంపంతా భగ్గుమంది. ఒక ఊపిరి పుట్టింది! ఇంతకీ లయ ఒక్కో కణంలోనే దాగుందా, గుంపు కలిస్తేనే వస్తుందా? నిపుణులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. వాదించుకోనివ్వండి, నాకు తొమ్మిది కణాలు చాలు!

పైగా ఆ ముక్క నిట్టూరుస్తుంది కూడా! అప్పుడప్పుడూ మామూలుకంటే పెద్ద సంకేతం ఒకటి వస్తుంది. అదే నిట్టూర్పు. మనకూ దాదాపు ఐదు నిమిషాలకోటి వస్తుందట, దిగులున్నా లేకున్నా. ముడుచుకుపోయిన గాలితిత్తులు దానితో మళ్లీ విచ్చుకుంటాయి. ఇంతకాలం మా అమ్మ నిట్టూరిస్తే నాన్న మీద కోపమనుకున్నాను!

ఈ సాధనంతా కడుపులోనే మొదలవుతుందని తెలుసా? గాలన్నది ఎరగని బిడ్డ ఉమ్మనీటిలోనే ఊపిరి కదలికలు చేస్తుంది! నెలలు నిండకుండా పుట్టి ఊపిరి మరిచిపోయే పిల్లలకు డాక్టర్లు ఇచ్చే మందేమిటో చెప్పుకోండి. కెఫీన్! కాఫీలో ఉండేదే! లయను అణిచే అడినోసిన్‌ను అది అడ్డుకుంటుంది. (మీరే ఇంట్లో కాఫీ పట్టేయకండి బాబూ, అది ఆసుపత్రిలో కొలిచి ఇచ్చే మందు.)

మీరూ చూడండి! ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఉయ్యాల పక్కన ఐదు నిమిషాలు కూర్చోండి. ముఖం కాదు, పొట్ట చూడండి. ఆ గబగబ, ఆ విరామం, ఆ తిరిగి అందుకోవడం...

"పడుకున్న పిల్లని అలా కళ్లార్పకుండా చూడకే, దిష్టి!" అని వెనకనుంచి అమ్మ. సరిగ్గా అప్పుడే, ఉయ్యాలలోంచి, పిడికెడంత పొట్ట ఉబ్బి, ఇంత పెద్ద నిట్టూర్పు!