పార్వతీశం నిజంగా తింగరోడేనా?

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

కాలేజీలో మొదటి రోజు క్లాసు గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికెళ్లాను. "గుడికొచ్చావా?" అన్నాడొకడు. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి నా పేరు పార్వతీశం.

ఆ పార్వతీశం ఎవరో చూద్దామని లైబ్రరీలో పుస్తకం తీసుకున్నాను. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిస్టర్ పార్వతీశం', మొదటి భాగం 1924లో వచ్చింది. ఇక్కడి మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదవడానికి ఇంగ్లండు బయల్దేరతాడు. దొరల టోపీ అనుకుని కొంటే అది ఆడవాళ్ల టోపీ! అందరూ అక్కడ నవ్వుతారంట. నాకు మాత్రం చెప్పులు గుర్తొచ్చాయి.

కానీ ఒకటి గమనించండి. ఆ కథంతా "నేను" అంటూ పార్వతీశమే చెప్తాడు. లోకం తనని చూసి ఎందుకు నవ్విందో అంత వివరంగా చెప్పగలిగినోడికి బుర్ర లేదంటే ఎలా? పైగా బారిస్టరై తిరిగొచ్చాడు. జనానికి టోపీయే గుర్తుంది.

(బ్రాహ్మల అబ్బాయి కాబట్టి అతన్ని "అమాయకుడు" అన్నారు. అదే తప్పు మనం చేస్తే "ట్రైబల్ కదా" అంటారు. ఆ తేడా నేను మర్చిపోలేదు.)

సీనియర్ అన్న ల్యాప్‌టాప్‌లో ఒక పాత గేమ్ ఉంది, 1990 నాటి 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్'. హీరో గైబ్రష్ కూడా ఇలాంటోడే, సముద్రపు దొంగ అవుదామని వచ్చిన తింగరోడు. అందులో కత్తియుద్ధం మాటలతోనే గెలవాలి. ఎదుటోడి తిట్టుకి సరైన జవాబు తెలీకపోతే ఓడిపోతాం, కానీ ఆ తిట్టు మనకి వచ్చేస్తుంది. దాన్ని ఇంకో దొంగ మీద వాడితే, జవాబు వాడి నోట్లోంచే వింటాం. చివర్లో కత్తి గురువమ్మ అన్నీ కొత్త తిట్లే తిడుతుంది. పాత జవాబుల్లో దేనికేది అతుకుతుందో మనమే పట్టుకోవాలి. నాకైతే ఓడీ ఓడీ రెండు రాత్రులు పట్టింది. దాన్ని తెలివి కాదంటే నేనొప్పుకోను.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈ ఏడాది మా రూములో చేరిన తమ్ముడు ఇంగ్లీషులో తన గురించి చెప్పబోయి తడబడ్డాడు. నవ్వారు. రెండో వారమే ఊరెళ్లిపోయాడు. ఫోన్ ఎత్తట్లేదు, కొండ మీద సిగ్నల్ కూడా లేదేమో. మారేడుమిల్లి వైపు వాళ్లెవరైనా ఇది చదివితే వాడికి చెప్పండి. మంచం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. పుస్తకం కూడా వాడి కోసమే మళ్లీ రెన్యువల్ చేయించి ఉంచాను.