మూడు పొయ్యిలు, ఒకటే మీటరు

సోమందేపల్లి మండలంలోని ఒక గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. పింఛను, రైస్ కార్డు, తల్లికి వందనం... ఏ పథకమైనా అర్హులెవరో, అనర్హులెవరో పైనుంచి నా లాగిన్‌లోకే వస్తుంది. ఆ జాబితా అంటించేది నేను, తిట్లు తినేదీ నేను. పేరు తీసేసింది మాత్రం నేను కాదు.

తేల్చేది సిక్స్ స్టెప్ వ్యాలిడేషన్. కుటుంబానికి మాగాణి 3 ఎకరాలో మెట్ట 10 ఎకరాలో దాటిందా, కారుందా, ఆదాయపు పన్ను కడుతున్నారా, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నారా, కరెంటు నెలకు 300 యూనిట్లు మించిందా... ఇలాంటివన్నీ ఆధార్ నంబరు పట్టుకుని సాఫ్ట్‌వేరే అన్ని శాఖల రికార్డులూ గాలిస్తుంది.

కరెంటు యూనిట్లు ఎక్కువని ఒక అవ్వ పింఛను అర్జీ తిరిగొచ్చింది. ఏం జరిగిందో చూద్దామని ఇంటికి పోయాను. చనిపోయిన మొగుడి పేరుమీది మీటరు ఆమె ఆధార్‌కు ముడిపడి ఉంది. అదే కప్పు కింద ఇద్దరు కొడుకులూ వేరుపడ్డారు. పెద్దోడి గదిలో ఒక గ్యాసు స్టవ్వు, చిన్నోడి వసారాలో ఇంకొకటి, పెరట్లో అవ్వకు మూడు రాళ్ల పొయ్యి.

“మూడు కాపురాలకి ఒగటే మీటరు నాయనా. నాకుండేది ఒగ బల్బు” అంది.

పొయ్యి వేరైతే కుటుంబం వేరు. ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన లెక్క ఇది. సాఫ్ట్‌వేరుకు తెలిసింది మీటరు నంబరు ఒక్కటే. నేను చూసింది రాద్దామంటే నా స్క్రీన్‌లో గడి లేదు, పత్రం అప్‌లోడ్ చేయమంటుంది. మూడు పొయ్యిలకు పత్రం ఎవరిస్తారు? కరెంటు ఆఫీసుకు పంపితే మీటరు సరిగ్గానే తిరుగుతోందన్నారు. అదీ నిజమే. అందరి రికార్డూ సరిగ్గానే ఉంది, అవ్వకు పింఛను రాలేదు.

ఇంకో వీధిలో ఒకాయనకు సరిహద్దు దాటి పావగడ వైపు బోరు కింద తోట ఉంది. ఊరందరికీ తెలుసు. కానీ ఆ భూమి ఉండేది కర్ణాటక పహణీలో, మన భూరికార్డుల వెబ్‌ల్యాండ్‌లో కాదు. జాబితా ప్రకారం ఆయన భూమిలేని పేద.

అలాగని పాతకాలమే మేలని అనను. కరణం చేతిలో కలం ఉన్న రోజుల్లో ఎవరి భూమి ఎవరి పేరున ఎక్కేదో పెద్దోళ్లను అడిగితే చెబుతారు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది ఊరికే కాదు. ముఠా, కులం, చేయి తడపడం సాఫ్ట్‌వేరుకు పట్టవు. ఫలానావాడి పేరు ఎక్కించమని నాయకుడొస్తే “నా చేతిలో లేదన్నా” అంటాను. ప్రాణం హాయిగా ఉంటుంది. అవ్వకూ అదే మాట చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం నోరు రాలేదు.

మా దగ్గర ఉన్నది రికార్డులు పోల్చే సాఫ్ట్‌వేరు. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే సాఫ్ట్‌వేరు ఇంకో అడుగు ముందుకేసింది. ఈ రికార్డులోని మనిషీ ఆ రికార్డులోని మనిషీ ఒకరేనా అని పేర్లు, చిరునామాలు పోల్చి కృత్రిమ మేధతో అంచనా వేస్తుంది. పేరు కలిసిన పాపానికి, కారు లేని ఇంటికి కారు అంటగట్టిన ఉదంతాలు బయటపడ్డాయి. ఆ రాష్ట్రంలో 2016 నుంచి దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయన్న పిటిషన్‌పై, క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే చివరికి మనిషే గడప తొక్కాలి. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణకిచ్చే సాయం విషయంలో సాఫ్ట్‌వేరు అంచనాలూ తోడై వేల కుటుంబాలపై మోసగాళ్లన్న ముద్ర వేశారు. దానికి బాధ్యత వహించి 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. మన దగ్గర అంత దూరం పోనక్కర్లేదు, అవ్వ అర్జీ కాదన్నది ఎవరో ఒక పేరు కనిపిస్తే చాలు.

మా రాష్ట్రంలో 2025 జనవరిలో ‘మన మిత్ర’ వచ్చాక ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకీ వచ్చేశాయి. మంచిదే. సర్టిఫికెట్ ఫోన్‌లో దొరికితే జనానికి ఒక రోజు కూలి మిగులుతుంది. కాదనే పని మాత్రం అంత సులువుగా జరగకూడదు. సాయం ఆపే ముందు నోటీసివ్వాలి. ఏ శాఖ రికార్డు, ఏ మీటరు అడ్డొచ్చిందో తెలుగులో రాయాలి. నా లాగిన్‌లో నేను కళ్లతో చూసింది రాయడానికి చోటుండాలి, దాని కింద నా పేరుండాలి. నా మాట తోసిపుచ్చే అధికారి కూడా కారణం రాసి పేరు పెట్టాలి. అవన్నీ గ్రామసభలో చదవాలి. అప్పుడు లంచం తిని రాసేవాడూ దొరుకుతాడు, పావగడ తోటా బయటికొస్తుంది.

మూడు పొయ్యిలున్నాయని నేను రాసి, తనిఖీకొచ్చినవాళ్లకు ఒక్కటే కనిపిస్తే నన్ను సస్పెండ్ చేయండి. అభ్యంతరం లేదు. రాయనివ్వకుండా జవాబు మాత్రం నన్ను చెప్పమంటేనే అభ్యంతరం.