మధుర ప్రయాణం, కళ్ళద్దాల లెక్క

రాజపాళయం నుంచి మదురైకి సుమారు 85 కిలోమీటర్లు. మన పెద్దవాళ్ళు ఇప్పటికీ మధుర అనే అంటారు, నేనూ అలాగే రాస్తాను. మన ఇళ్ళలో మధుర వెళ్ళడానికి మూడే కారణాలు: పెళ్ళి బట్టలు, మీనాక్షమ్మ దర్శనం, ఆసుపత్రి. మొన్న జూన్ నెలలో నేనూ మా అమ్మాయీ వెళ్ళింది మూడోదాని కోసం. లేజర్ చేయించుకుని కళ్ళద్దాలు తీసెయ్యాలా వద్దా అని ఇద్దరికీ తేల్చుకోవలసి వచ్చింది. మన సంఘంలోనే ఈ ఆలోచనలో ఉన్న ఇళ్ళు నాలుగైదు నాకు తెలుసు. అందుకని చూసినదీ విన్నదీ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, బి.కాం. చదివిన బ్యాంకువాణ్ణి. నాకు ధైర్యం ఉన్నది లెక్కల దగ్గరే.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు. సంబంధాలు చూస్తున్నాం. ఒక పెద్దాయన ఫోటో చూసి, “అమ్మాయికి అద్దాలు ఎప్పుడూ ఉంటాయా?” అని అడిగాడు. ఆ రోజు నుంచి మా ఆవిడకు లేజర్ తప్ప వేరే మాట లేదు. అమ్మాయికి మాత్రం వేరే కారణం ఉంది. తను నూలు మిల్లులో క్వాలిటీ చూస్తుంది. దారం తెగకుండా మిల్లు షెడ్డులో గాలిని తేమగా ఉంచుతారు. చల్లగా ఉండే ల్యాబు గదిలోంచి ఆ షెడ్డులోకి అడుగు పెట్టగానే అద్దాలకు ఆవిరి కమ్ముతుంది. తుడుచుకుంటే దూది నుసి అంటుకుంటుంది. కాంటాక్టు లెన్సు పెట్టుకుంటే ఆ నుసి కంట్లోకే వెళుతుంది. రోజుకు ముప్పైసార్లు అద్దాలు తుడుచుకునే మనిషి వాటిని వదిలించుకోవాలనుకోవడంలో న్యాయం ఉంది. ఎవరో ఫోటో చూసి అడిగినందుకు కంటిమీద కత్తి పెట్టించుకోవడంలో నాకేమీ న్యాయం కనిపించలేదు. ఆ మాట ఇంట్లో అన్నాను. రెండు రోజులు కాఫీ చల్లగా వచ్చింది.

ఇక నా సంగతి. అయిదో తరగతిలో నల్లబల్ల కనపడక మొదలైన అద్దాలు ఇప్పుడు మైనస్ 7 దగ్గర ఉన్నాయి. “నాయనా, నాతోపాటు మీరూ చూపించుకోండి, రిటైరయ్యాక కొండలెక్కేటప్పుడు హాయిగా ఉంటుంది” అంది అమ్మాయి. ఆశ నాకూ ఉంది, దాచుకోవడం ఎందుకు?

పొద్దున్నే బస్సెక్కితే మొదట వచ్చేది శ్రీవిల్లిపుత్తూరు. గోదాదేవి ఊరు. మన శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’ రాసింది ఈ ఊరి విష్ణుచిత్తుడి గురించీ ఆయన కూతురి గురించీనే. పదకొండు అంతస్తుల గోపురం బస్సులోంచే కనపడుతుంది. నేనొక చిన్న పరీక్ష చేశాను. అద్దాలు తీసి చూశాను. గోపురం లేదు, ఆకాశంలో ఒక బూడిదరంగు మరక ఉంది. అద్దాలు తియ్యకుండానే చేతిలోని టిక్కెట్టు చూశాను. అక్షరాలు అలుక్కుపోయాయి. చత్వారం మరి. మళ్ళీ అద్దాలు తీస్తే టిక్కెట్టు మీది అతి చిన్న అంకె కూడా ముత్యంలా ఉంది. ఈ సంగతి తర్వాత అక్కరకు వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

కృష్ణన్‌కోవిల్, కల్లుపట్టి, తిరుమంగళం దాటి మధుర చేరేసరికి తొమ్మిదిన్నర అయింది. అణ్ణానగర్‌లో అరవింద్ కంటి ఆసుపత్రికి ఆటో కట్టించుకున్నాం. ఈ ఆసుపత్రి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. డాక్టర్ జి. వెంకటస్వామి గారు ప్రభుత్వ ఉద్యోగంలో 58 ఏళ్ళకు రిటైరై, 1976లో 11 పడకలతో దీన్ని మొదలుపెట్టారు. కీళ్ళవాతంతో ఆయన వేళ్ళు వంకర్లు తిరిగిపోయాయి. ఆ వేళ్ళతోనే కత్తి పట్టడం మళ్ళీ నేర్చుకుని లక్షకు పైగా ఆపరేషన్లు చేశారు. డబ్బు కోసం ఇల్లు తాకట్టు పెట్టారంటారు. ముప్పై ఏళ్ళుగా తాకట్టు కాగితాలు చూస్తున్నవాణ్ణి కనుక చెబుతున్నాను: రిటైరైన మనిషి, వంకర వేళ్ళు, సగం మందికి ఉచితంగా వైద్యం చేస్తానంటున్నాడు, అప్పు ఇస్తారా అంటే నేనైతే ఫైలు పక్కన పెట్టేవాణ్ణి. డబ్బు ఇవ్వగలిగినవారి రుసుముతో ఇవ్వలేనివారికి చూపు ఇవ్వడం ఆయన పద్ధతి. 1992లో అరోల్యాబ్ పెట్టి కంటిలో అమర్చే లెన్సులు ఇక్కడే చవకగా తయారు చేయించారు. 2006లో ఆయన పోయారు. పద్ధతి మాత్రం నడుస్తూనే ఉంది.

లేజర్ కథలోనూ మన మద్రాసు పేరుంది. రంగస్వామి శ్రీనివాసన్ గారు మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వెళ్ళారు. ఐ.బి.ఎం. పరిశోధనశాలలో ఆయనా, శామ్యూల్ బ్లమ్, జేమ్స్ విన్ అనే మరిద్దరూ ఎక్సైమర్ లేజర్‌తో పనిచేస్తుండేవారు. 1981 నవంబరులో అక్కడి థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు, విందులో మిగిలిన టర్కీ కోడి ముక్కమీద ఆ లేజర్‌ను ప్రయోగించి చూశారు. చుట్టుపక్కల ఏమీ మాడకుండా, గీత గీసినట్టు తెగింది. కంటికి ఇదే కావాలి కదా! ముగ్గురికీ 2013లో అమెరికా జాతీయ పతకం ఇచ్చారు. పండగ మర్నాడు మిగిలిన కూరతో మనమైతే పులుసు పెట్టుకుంటాం.

పరీక్షలకు అయిదు గంటలు పట్టింది. అమ్మాయి రెండు వారాల ముందు నుంచే లెన్సులు మానేసింది. లెన్సు కంటి ఆకారాన్ని కాస్త మారుస్తుంది కనుక మానకుండా వెళితే కొలతలు తప్పు వస్తాయి. కంటి ముందు పొరను కార్నియా అంటారు. దాని మందం కొలుస్తారు, ఎత్తుపల్లాలను రంగుల పటంగా తీస్తారు. ఆ పటంలో ఒకచోట ఉబ్బు కనిపిస్తే లేజర్ జోలికే పోరు. బలహీనమైన పొరను ఇంకా పలచన చేస్తే అది ముందుకు పొడుచుకొచ్చి, అద్దాలతో కూడా సరిపడని చూపు మిగలవచ్చు. తర్వాత చుక్కలు వేసి, కనుపాప పెద్దదయ్యాక వెనక ఉన్న రెటీనా చూస్తారు. లేజర్ అద్దాలను తీసేస్తుంది కాని పొడవైన కన్ను పొడవుగానే ఉంటుంది. పెద్ద మైనస్ ఉన్నవాళ్ళకు రెటీనా ఊడే ప్రమాదం లేజర్ తర్వాత కూడా అలాగే ఉంటుందట. ఇది నాకు కొత్త సంగతి.

ఇక లెక్క. కార్నియా మందం సామాన్యంగా 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు. లేసిక్‌లో పైన 110 మైక్రాన్ల పలచని రేకును మూతలా లేపి, అడుగున లేజర్‌తో చెక్కి, మూత మళ్ళీ వేస్తారు. కుట్లు ఉండవు. ఒక్కొక్క పవరుకు ఇంచుమించు 15 మైక్రాన్లు చెక్కాలి. మూత కింద కనీసం 250 మిగలాలి, 300 ఉంటే మంచిదంటారు చాలామంది డాక్టర్లు. మన సేవింగ్స్ ఖాతాలో కనీస నిల్వ లాంటిదన్నమాట. తేడా ఒకటే. బ్యాంకులో మళ్ళీ జమ చేసుకోవచ్చు, ఇక్కడ తీయడమే కాని వేయడం లేదు. మా అమ్మాయికి 545 ఉంది, పవరు ఐదున్నర. మూతకు 110, చెక్కుడుకు 82 పోతే 353 మిగులుతుంది. మంచి ఖాతా. నాకు 510. ఏడు పవరుకు 105, మూతకు 110 పోతే మిగిలేది 295. మూత లేపకుండా పైపొర తుడిచి చేసే పద్ధతి ఒకటుంది, నొప్పి కొన్ని రోజులుంటుంది. చిన్న గాటులోంచి లోపలి పలకను లాగేసే స్మైల్ అనేది ఇంకొకటి. ఖర్చు పద్ధతిని బట్టి ముప్పై, నలభై వేల నుంచి లక్ష దాటుతుంది. ఆరోగ్య బీమా పాలసీల్లో 7.5 పవరు కంటే తక్కువ ఉంటే ఈ ఖర్చు ఇవ్వరని రాసి ఉంటుంది. నా ఏడుకు అర తక్కువ! బీమావాళ్ళ లెక్క ఎప్పుడూ ఇంతే.

లెక్క కుదిరినంత మాత్రాన పని జరగలేదు. డాక్టరమ్మ అమ్మాయి పాత చీటీలు అడిగింది. కిందటి ఏడాది నాలుగుంముప్పావు ఉన్నది ఇప్పుడు ఐదున్నర అయింది. ఏడాదిలో ముప్పావు పెరిగింది కనుక ఇంకా నిలవలేదని, ఇప్పుడు చెక్కితే పెరిగినదానికి మళ్ళీ అద్దాలు వస్తాయని, ఒక ఏడాది ఆగి మళ్ళీ రమ్మని చెప్పింది. పెళ్ళి సంగతి నేను నసిగితే, కంటికి పెళ్ళి తేదీలు తెలియవన్నట్టు నవ్వింది. లేజర్ తర్వాత కొన్ని నెలలు కళ్ళు పొడిబారడం మామూలనీ, దూది నుసిలో పనిచేసేవాళ్ళు ముందుగా ఆ సంగతి కూడా చూసుకోవాలనీ చెప్పింది. అమ్మాయి ముఖం చిన్నబోయింది. నాకు లోపల హాయిగా ఉంది, పైకి చూపించలేదు.

నా వంతు వచ్చింది. డాక్టరమ్మ ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. పరీక్ష ఫ్రేములో దూరపు చూపుకు పూర్తిగా సరిపోయే అద్దాలు పెట్టించి, చేతికి దినపత్రిక ఇచ్చింది. చుక్కలు వెయ్యకముందు చేసిన పరీక్ష ఇది. ఒక్క అక్షరం ఆనలేదు. లేజర్ తర్వాత మీ చూపు ఇలా ఉంటుంది, దూరానికి అద్దాలు అక్కర్లేదు, దగ్గరకు తప్పవు అంది. టిక్కెట్టు గుర్తుందా? ముప్పై ఏళ్ళు బ్యాంకులో చెక్కుమీది సంతకాన్ని అద్దాలు నుదుటికెత్తి ముక్కు దగ్గర పెట్టుకుని చూసినవాణ్ణి. రెండు దొంగ సంతకాలు అలాగే పట్టుకున్నాను. దేవుడిచ్చిన ఆ భూతద్దాన్ని డబ్బిచ్చి చెక్కించుకోవాలన్నమాట. ఒక కన్ను దూరానికి, ఒకటి దగ్గరకు ఉంచే ఏర్పాటూ ఉందంటే, పది నిమిషాలు అలాంటి అద్దాలతో వరండాలో నడిచాను. మెట్టు ఎక్కడుందో అనుమానం వచ్చింది, తీసేశాను. దానికి తోడు శుక్లం సన్నగా మొదలైందట. ఎప్పుడో ఒకనాడు ఆ ఆపరేషన్ తప్పదు. అప్పుడు లోపల పెట్టే లెన్సుతోనే ఈ ఏడు పవరూ సర్దవచ్చు. ఇప్పుడు లేజర్ చేయించుకుంటే అప్పుడు లెన్సు లెక్క కట్టడం కష్టమవుతుంది. నా ఫైలు అక్కడితో మూసేశాను.

మధ్యాహ్నం బయటికి వచ్చేసరికి ఇద్దరికీ కనుపాపలు చింతగింజలంత అయ్యాయి. ఎండ సూదుల్లా గుచ్చుకుంది. బస్సుకు టైముంది కదా అని తిరుమల నాయకుడి మహలుకు వెళ్ళాం. 1636లో మన నాయక రాజు కట్టించిన మహలు. నేను పదిసార్లు చూశాను, ఇలా ఎప్పుడూ చూడలేదు. ఆ లావు స్తంభాలన్నీ సున్నపు వెలుగులో కరిగిపోయి, పైన కమానులు గాలిలో నిలబడినట్టున్నాయి. ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళం పట్టుకుని నడిచాం. “ఎవరైనా చూస్తే గుడ్డి తండ్రి, గుడ్డి కూతురు అనుకుంటారు నాయనా” అంది. బయట జిగర్తండా తాగాం. గ్లాసులో ఏముందో కనపడలేదు కాని రుచి తెలిసింది.

తిరుగు బస్సులో చీకటి పడింది. ఎదురొచ్చే ప్రతి దీపం చుట్టూ ఒక వలయం. లేజర్ తర్వాత కొంతమందికి కొన్నాళ్ళు రాత్రిపూట దీపాలు ఇలా కనిపిస్తాయని పొద్దున డాక్టరమ్మ చెప్పింది. అమ్మాయి చాలాసేపు ఆ వలయాలనే చూస్తూ కూర్చుంది. “ఇలా ఉన్నా ఫరవాలేదు, నాకు షెడ్డులో అద్దాలు లేకపోతే చాలు. వచ్చే జూన్‌లో వస్తాను, ఈసారి ఒక్కదాన్నే” అంది. తన సంపాదన, తన కన్ను. నేనేమంటాను?

ఒక్క సంగతి మన కుర్రవాళ్ళ కోసం. రైలింజను నడిపే ఉద్యోగాలకు పరీక్ష రాసే ఉద్దేశం ఉంటే, లేజర్ చేయించుకున్నవారిని వైద్య పరీక్షలో తీసుకోరు. ముందే నిబంధనలు చదువుకోండి. చేయించుకున్నవాళ్ళు ఆపరేషన్‌కు ముందరి కొలతల కాగితాలు పారేయకండి. ముప్పై ఏళ్ళ తర్వాత శుక్లం ఆపరేషన్‌లో డాక్టరు అవే అడుగుతారు. మా అమ్మాయి కాగితాలు నా బ్యాంకు లాకర్లో, ఇంటి దస్తావేజు పక్కన పెట్టాను.

ఫోటో మాట మిగిలింది. ఆ ఆదివారం ఇంకొక సంబంధం వాళ్ళు అడిగితే అమ్మాయి తనే ఒకటి ఎంచి పంపింది. మిల్లు గేటు దగ్గర తీసినది, కళ్ళద్దాలతో, తలమీద ఇంత దూది నుసితో. మా ఆవిడకు ఆ సంగతి మర్నాడు తెలిసింది. వాళ్ళు వచ్చే వారం చూడడానికి వస్తామన్నారు.