విజిల్ మొదటి నిమిషం నుంచీ మోగాలి

ఈసారి మిరప ధర గురించో బోర్ల గురించో రాయట్లేదు, కబడ్డీ గురించి రాస్తున్నా. కొంచెం పొడుగు పోస్టు. పొలం పని అయ్యాక తీరిగ్గా చదవండి.

సంక్రాంతి దగ్గరపడతా ఉంది. మార్కాపురం, కంభం, గిద్దలూరు చుట్టుపక్కల చాలా ఊళ్ళల్లో పండక్కి కబడ్డీ పోటీలు పెడతారు. కమిటీలు కూర్చుంటాయి. చందాలు ఎంత, మొదటి బహుమతి ఎంత, లైట్లు ఎవరివి, వచ్చిన జట్లకి భోజనాలు ఎవరివి, అన్నీ మాట్లాడతారు. రూల్స్ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. మొన్న మా ఊరి కమిటీలో నేను ఎత్తాను. "ఈసారి ఫౌల్స్ గట్టిగా పట్టాలి, కార్డులు చూపించాలి" అన్నాను. సగం మంది నా మీదకి లేచారు.

ఒక పెద్దాయన, వరసకి నాకు అన్న అవుతాడు, ఏమన్నాడంటే, "ఏందిరా, కబడ్డీలో దెబ్బలు తగలకుండా ఎట్టుంటాయి? మనం ఆడేటప్పుడు మోకాళ్ళు చెక్కుకుపోలేదా? ఊరికే విజిల్ ఊదతా ఉంటే జనం లేచి ఇంటికి పోతారు."

ఆయన మాటలో కొంత నిజం ఉంది. నేను 1987 ప్రాంతంలో ఇంటర్ చదివేటప్పుడు కాలేజీ గ్రౌండులో రోజూ సాయంత్రం ఆడేవాళ్ళం. గుగ్గిళ్ళ రాళ్ళ నేల. మోచేతులు, మోకాళ్ళు ఎప్పుడూ పచ్చిగానే ఉండేవి. అయినా ఎవరం బాధపడలేదు. కాబట్టి దెబ్బే తగలకూడదని నేను అనట్లేదు. ఆటలో తగిలే దెబ్బ వేరు, ఆట పేరుతో కొట్టే దెబ్బ వేరు. ఆ రెండిటి మధ్య గీత గీసేది రిఫరీ విజిల్ ఒక్కటే.

పోయినేడు పండక్కి మా పక్క ఊళ్ళో జరిగింది చెబుతా. ఊరి పేరు, పిల్లోడి పేరు అనవసరం. ఇంటర్ రెండో సంవత్సరం కుర్రోడు, బక్కగా ఉంటాడు, 55 కిలోలు కూడా ఉండడు. కూతకి పోతే పాదరసమే. సెమీఫైనల్లో వాడు ఇద్దరిని తాకి తిరిగి వస్తా ఉంటే అవతలి జట్టులో ఒకాయన కింద పడుకోనుండే రెండు కాళ్ళూ కత్తెర లాగా వేసి వాడి కాలు మెలిపెట్టాడు. ఆయనకి ముప్పై ఏళ్ళు ఉంటాయి, మనిషి భారీ. పిల్లోడి మోకాలు టప్‌మని శబ్దం చేసింది, గీత దగ్గర నిలబడ్డ మాకు వినపడింది. విజిల్ మోగలేదు. పైగా పిల్లోడిని ఔట్ అన్నారు.

లిగమెంట్ తెగింది. ఆపరేషన్. వాళ్ళ నాయన నాలుగు ఎకరాలు కౌలుకి తీసుకుని మిరప వేసిన మనిషి. జనవరి, ఫిబ్రవరి అంటే కోతల కాలం, కూలీలు దొరక్క అల్లాడే రోజులు. ఆ రోజుల్లో ఆయన కొడుకుని పట్టుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగాడు. పిల్లోడు పరీక్షలు ఎట్టోగట్టు రాశాడు గానీ స్పోర్ట్స్ కోటా ఆశ పోయింది. ఇప్పుడు గట్టు ఎక్కాలన్నా కాలు ఆలోచించి వేస్తున్నాడు.

రూల్ లేకపోవడం వల్ల ఇది జరగలేదు. కబడ్డీ రూల్స్‌లో ఇదంతా ఎప్పుడో రాసి ఉంది. కూతకి వచ్చినోడిని కాళ్ళు, చేతులు, మొండెం దగ్గరే పట్టాలి. జుట్టు పట్టకూడదు. నోరు మూయకూడదు. కాళ్ళతో కత్తెర వేయకూడదు. దెబ్బ తగిలేలా మొరటుగా పట్టకూడదు. అట్లా పట్టితే కూతకి వచ్చినోడు ఔట్ కాడు. గోళ్ళు కత్తిరించుకోవాలి, ఒంటికి నూనె రాసుకోకూడదు, ఉంగరాలు తీసేయాలి. తప్పు చేస్తే ఆకుపచ్చ కార్డు, అది హెచ్చరిక. పసుపు కార్డు అయితే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. ఎర్ర కార్డు అయితే ఆ మ్యాచ్‌లో ఇక ఆట లేదు. 2014లో ప్రో కబడ్డీ మొదలైన దగ్గర్నుంచీ టీవీ చూసే పిల్లలకి ఈ కార్డులన్నీ తెలుసు. మన పండగ పోటీల్లో మాత్రం రిఫరీ జేబులో కార్డే ఉండదు.

ఇంకో సంగతి. సీనియర్ మగవాళ్ళ కబడ్డీకి 85 కిలోల బరువు పరిమితి ఉంది. జూనియర్లకి అంతకంటే తక్కువ. మన దగ్గర తూకమే లేదు. 55 కిలోల పిల్లోడి మీద 95 కిలోల మనిషి పడతాడు. మనకి ఎద్దుల బండలాగుడు పోటీల్లో ఎంత తెలివి ఉంటుందో చూడండి. రెండు పళ్ళ ఎడ్లు వేరు, నాలుగు పళ్ళవి వేరు, ఆరు పళ్ళవి వేరు. నోరు తెరిచి పళ్ళు చూసి మరీ విభాగం తేలుస్తాం. పాల పళ్ళ కోడెని తీసుకెళ్ళి సీనియర్స్ బండకి కడితే ఊరు ఊరుకోదు. ఎద్దు మీద ఉన్న ఆ జాగ్రత్త మన పిల్లోడి మీద ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

సరే, మా అన్న అడిగిన ప్రశ్నకి వద్దాం. గట్టిగా విజిల్ ఊదితే ఆట చెడిపోతుందా? దీనికి అమెరికా కాలేజీల బాస్కెట్‌బాల్‌లో జరిగిన కథ పనికొస్తుంది. మా బావమరిది కొడుకు అక్కడ ఎంఎస్ చదివాడు. వాడు ఈ ఆట గురించి చెబితే ఆసక్తి పుట్టి నేను కూడా యూట్యూబులో చూశా, తెలుసుకున్నా.

బాస్కెట్‌బాల్ 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు కనిపెట్టాడు. చలికాలం పిల్లలు గది లోపల ఒకళ్ళనొకళ్ళు కొట్టుకోకుండా ఆడుకోవాలని. ఆయన రాసిన 13 రూల్స్‌లోనే భుజంతో గుద్దడం, పట్టుకోవడం, తోయడం, కాలు అడ్డం పెట్టడం, కొట్టడం తప్పు అని ఉంది. మన ఆటకి పూర్తిగా తలకిందులు. మన దగ్గర పట్టుకోవడమే ఆట, అక్కడ పట్టుకుంటే ఫౌల్.

కానీ రూల్ పుస్తకంలో ఉన్నంత మాత్రాన గ్రౌండులో ఉన్నట్టు కాదు. ఏళ్ళు గడిచేకొద్దీ అక్కడ కాలేజీ ఆటలో చెయ్యి అడ్డం పెట్టడం, నడుం మీద చెయ్యేసి ఆపడం, పొడవడం అలవాటైపోయింది. రిఫరీలు చూసీ చూడనట్టు వదిలేశారు. వేగంగా పరిగెత్తే చిన్న ఆటగాడికి దారి లేదు, బలం ఉన్నోడిదే రాజ్యం. 2012–13 సీజన్‌కి వచ్చేసరికి ఒక్కో జట్టు మ్యాచ్‌కి వేసే పాయింట్లు సగటున 67 చిల్లరకి పడిపోయాయి. చూసేవాళ్ళకే విసుగు పుట్టింది.

అప్పుడు 2013–14లో గట్టిగా పట్టాలని నిర్ణయించారు. బంతితో పోయేవాడి మీద చెయ్యి ఆనించి ఉంచితే ఫౌల్. రెండు చేతులూ వేస్తే ఫౌల్. మాటిమాటికీ చేత్తో పొడిస్తే ఫౌల్. మోచెయ్యి అడ్డం పెట్టి ఆపితే ఫౌల్. కాలేజీ ఆటలో ఐదు ఫౌల్స్ అయితే ఆటగాడు బయటికే. మొదట్లో అచ్చం మా అన్న చెప్పినట్టే అయింది. విజిల్ మీద విజిల్. ఆట ఆగి ఆగి నడిచింది. కోచ్‌లు గోల పెట్టారు. అయినా పాయింట్లు పెరిగాయి, ఆటగాళ్ళు చేతులు తగ్గించి కాళ్ళతో అడ్డుకోవడం నేర్చుకోసాగారు.

అసలు పాఠం ఆ తర్వాత ఉంది. సీజన్ ముదిరేకొద్దీ విజిల్ మెత్తబడింది. మరుసటి ఏడాదికి చేతులు మళ్ళీ నడుముల మీదకి వచ్చేశాయి, పాయింట్లు మళ్ళీ 67 దగ్గరికే దిగాయి. దాంతో 2015–16లో మళ్ళీ మొదట్నుంచీ గట్టిగా పట్టాల్సి వచ్చింది. బంతి వేయడానికి ఇచ్చే 35 సెకన్లని కూడా 30కి తగ్గించారు. ఈసారి పాయింట్లు 70 దాటాయి.

నాకు అర్థమైంది ఇది. గట్టిగా విజిల్ ఊదడం వల్ల ఆట చెడిపోదు. కొన్నాళ్ళు ఊది మానేస్తే చెడిపోతుంది. ఆటగాడికి ఈ రోజు ఏది తప్పో, రేపు ఏది ఒప్పో తెలియకపోతే వాడు ఎటూ నేర్చుకోడు. ఎంతవరకు సాగుతుందో అంతవరకు సాగదీసి చూస్తాడు. కాలవ నీళ్ళ వంతు లాంటిదే ఇది కూడా. వంతు ప్రకారం ఖచ్చితంగా తిప్పితే తగాదా ఉండదు. ఒకరోజు ఒకడికి వదిలేస్తే తెల్లారి అందరూ పారలు పట్టుకుని గట్టు మీద ఉంటారు.

మన పోటీల్లో కూడా సరిగ్గా ఇదే జబ్బు. లీగ్ మ్యాచ్‌ల్లో రిఫరీ ఒకటో రెండో ఫౌల్స్ పడతాడు. సెమీస్, ఫైనల్స్‌కి వచ్చేసరికి "సార్, ఫైనల్ చెడగొట్టబాకండి" అని చెవిలో చెబుతారు. రిఫరీ అంటే ఎవరు? ఎక్కడో స్కూల్లో పనిచేసే పీఈటీ సారు. మ్యాచ్ అయ్యేసరికి రాత్రి ఒంటిగంట అవుతుంది. ఆయన ఒక్కడే బండి మీద ఇంటికి పోవాలి. ఓడిన జట్టు కుర్రోళ్ళు తాగి గేటు దగ్గర నిలబడి ఉంటారు. ఆ పరిస్థితిలో ఆయన ఎర్ర కార్డు తీస్తాడా? కాబట్టి నేను రిఫరీని తప్పు పట్టను. ఆయన వెనక ఎవరూ లేకపోవడం తప్పు.

పెద్ద స్థాయిలో కూడా రూల్ ముందే తేల్చుకోకపోతే ఎంత రచ్చ అవుతుందో మనం చూశాం. 2023 అక్టోబర్ 7న చైనాలోని హాంగ్‌ఝౌలో ఏషియన్ గేమ్స్ ఫైనల్, మనకీ ఇరాన్‌కీ. 28–28 సమానం. ఆట ఇంకో నిమిషం చిల్లర ఉంది. మన కెప్టెన్ పవన్ సెహ్రావత్ డూ ఆర్ డై కూతకి పోయి ఎవర్నీ తాకకుండా పక్క లాబీలోకి అడుగు పెట్టాడు. వాడిని తరుముతూ ఇరాన్ వాళ్ళూ లాబీలోకి వచ్చేశారు. పాత రూల్ అయితే వచ్చిన వాళ్ళందరూ ఔట్, కొత్త రూల్ అయితే లెక్క వేరు. ఏ రూల్ నడుస్తుందో ఆడేవాళ్ళకీ ఆడించేవాళ్ళకీ ఒక్క మాట లేదు. నిర్ణయం అటూ ఇటూ మారింది. రెండు జట్లూ కోర్టులోనే కూర్చుండిపోయాయి. గంట సేపు ఆట ఆగింది. చివరికి 33–29తో మనం గెలిచాం, బంగారం వచ్చింది, సంతోషమే. అదే నెల వేలంలో తెలుగు టైటాన్స్ పవన్‌ని 2 కోట్ల 60 లక్షల పైన పెట్టి కొనుక్కుంది. కానీ ఆ గంట చూసిన వాళ్ళెవరూ ఆట గొప్పగా నడిచిందని అనలేరు. అంతమంది కెమెరాల ముందే అట్లా అయితే, మన ఊరి లైట్ల కింద ఏమవుతుందో చెప్పాల్నా?

అందుకే కమిటీ ముందు నాలుగు మాటలు పెట్టాను. ఇక్కడ కూడా రాస్తున్నా, మీ ఊళ్ళో కమిటీలో ఉన్న తమ్ముళ్ళు చదివితే ఉపయోగం.

ఒకటి, ధాన్యం కాటా ఎట్టాగూ ఊళ్ళో ఉంది. ఆటగాళ్ళని దాని మీద నిలబెట్టి తూయండి. ఇంటర్ పిల్లలకి వేరే విభాగం పెట్టండి. బహుమతి చిన్నదైనా పర్లేదు.

రెండు, మొదటి మ్యాచ్‌కి ముందే అన్ని జట్ల కెప్టెన్లనీ కూర్చోబెట్టి ఏది ఫౌలో చెప్పండి. కత్తెర, జుట్టు, నోరు మూయడం, ఇవి ఎవరు చేసినా కార్డే అని మైకులో చదవండి.

మూడు, మొదటి మ్యాచ్ మొదటి నిమిషంలో ఏది ఫౌలో, ఫైనల్ ఆఖరి నిమిషంలో కూడా అదే ఫౌల్. సొంత ఊరి జట్టయినా అంతే.

నాలుగు, రిఫరీ సార్లు ఇంటికి చేరేదాకా కమిటీ బాధ్యత. పక్కన ఇద్దరు పెద్దమనుషులు ఉండాలి, కారులో దింపి రావాలి. చందాలో ఆ ఖర్చు ముందే తీసి పక్కన పెట్టండి.

మా అన్న ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "కాటా సంగతి చూద్దాంలే" అన్నాడు. ఆ మాటకి నేను సంతోషించా, ఆయన నోట్లోంచి అంతమాత్రం రావడమే ఎక్కువ. ఆయన మనవడు కూడా ఈ ఏడే ఇంటర్‌లో చేరాడు, కూతకి బాగా పోతాడు. ఆ సంగతి నేను గుర్తుచేయలేదు, ఆయనకే తెలుసు.

మా పడమటి నేలలో పిల్లోడి కాలు అంటే వాడి చదువు, వాడి ఉద్యోగం ఆశ, వాళ్ళ నాయనకి పొలంలో ఇంకో చెయ్యి. పండగ పూట రెండు గంటల సరదాకి అది పోకూడదు. మీ ఊళ్ళో పోటీలు ఎట్లా నడుపుతున్నారో, రిఫరీలకి ఏ ఏర్పాటు చేస్తున్నారో కింద రాయండి. బాగున్నది మా కమిటీకి చదివి వినిపిస్తా.