చల్లారిన యంత్రమును లేపుట



ఈ దినములలో క్రొత్త కారు ఎక్కినవాడు మీట నొక్కగానే యంత్రము లేచుచున్నది. ఎంత పెట్రోలు పోయవలెనో లోపలనున్న చిన్న కంప్యూటరే లెక్కకట్టుచున్నది. 2020 ఏప్రిలు మొదలుకొని మన దేశములో తయారగు మోటారు సైకిళ్లు సైతము దాదాపుగా ఈ పద్ధతికే మారినవి. అయితే మా యింటి పాకలో స్టాండర్డు హెరాల్డు అను పాత కారొకటి యున్నది. దానిని లేపుట నేటికిని మనుష్యుని చేతిపనియే. ఆ పనిలో నేను నేర్చుకొనినది కారు లేనివారికిని ఉపయోగపడునని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఈ జాతి కారు 1961లో మద్రాసులో తయారగుట మొదలైనది. మా తండ్రిగారు దానిని విజయవాడలో పాతబండిగా కొనిరి. ఇంగ్లండులో దీని తోబుట్టువు పేరు ట్రయంఫ్ హెరాల్డు. దాని చట్రమునే కురుచచేసి, 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను ఇద్దరు కూర్చుండు వేగపు కారును చేసిరి. కావున సీమలో ఆ వేగపు కారును ముద్దుగా కాపాడుకొనువారికిని, కృష్ణా డెల్టాలోని మాకును తెల్లవారుజామున పని యొక్కటే.

ఆ పని యేమనగా, పెట్రోలు ద్రవముగా నున్నప్పుడు మండదు. ఆవిరియై గాలితో కలిసినప్పుడే మండును. ఒక పాలు పెట్రోలునకు తూకమునుబట్టి ఇంచుమించు పదునైదు పాళ్లు గాలి కావలెను. ఈ రెంటిని కలుపునది కార్బురేటరు. యంత్రము చల్లగా నున్నప్పుడు ఆవిరి తిరిగి బొట్లుగా మారి లోపలి గోడలకు అంటుకొనును. మంటకు చాలినంత పెట్రోలు చేరదు. అందుచేత చోకు అను మీట నొకదానిని పెట్టిరి. దానిని లాగినయెడల గాలికంటె పెట్రోలు పాలు హెచ్చగును. మన రైతులు నారుమడికి తూము తెరచునట్లే యిదియు. నీరు చాలకున్న మొలక ఎండును. ఎక్కువైన మొలక మునిగి కుళ్లును.

మన ప్రాంతపు చలి పెద్ద చలి కాదు. జనవరి వేకువను విజయవాడలో సాధారణముగా 18, 20 డిగ్రీల వేడి యుండును. మనకు అసలు చిక్కు తేమ. సంక్రాంతి దినములలో కాలువలమీదను వరిచేలమీదను మంచు దుప్పటివలె కప్పుకొనును. ఆ తేమ డిస్ట్రిబ్యూటరు మూతమీదను తీగెలమీదను పట్టి, ప్లగ్గులకు పోవలసిన నిప్పురవ్వను దారిలోనే దొంగిలించును. అదిగాక బండి నాలుగైదు దినములు కదలకున్న కార్బురేటరు గిన్నెలోని పెట్రోలు ఆరిపోవును.

1984 జనవరిలో మోపిదేవికి సమీపముననున్న మా గ్రామములో ఒక స్త్రీకి నొప్పులు వచ్చి, రాత్రియంతయు గడచినను ప్రసవము కాలేదు. మంత్రసాని చేతులెత్తి, మచిలీపట్నము తీసికొనిపొమ్మని చెప్పెను. అప్పుడు 108 బండ్లు లేవు. అవి మన రాష్ట్రములో 2005లో మొదలైనవి. వేకువను నాలుగు గంటలకు ఆమె భర్త మా తలుపు తట్టెను. బయట చేయి చాపిన చేయి కనబడని మంచు. బండి అయిదు దినములుగా పాకలోనే యున్నది.

మా వీధిలో ముసలి డ్రైవరు ఒకరుండిరి. మేమందరము ఆయనను బాబాయి అని పిలిచెడివారము. ఆయన కండువా కప్పుకొని వచ్చి బండి ముందుభాగమంతయు ముందుకు ఎత్తెను. ఆ కారుకు అది ఒక సౌకర్యము. మొదట కండువా పొడి కొసతో డిస్ట్రిబ్యూటరు మూతను, తీగెలను తుడిచెను. తరువాత పెట్రోలు పంపు క్రిందనున్న చిన్న మీటను పది పండ్రెండుసార్లు ఆడించి గిన్నె నింపెను. ఆ భర్త నిలువలేక, “బాబాయ్, ఆవిడ ప్రాణం మీదకొచ్చింది, గట్టిగా తొక్కమనండి” అని ఏడ్చెను. నేను స్టీరింగు ముందర కూర్చుండియుంటిని. బాబాయి నావైపు తిరిగి, “తొక్కమాకు అబ్బాయ్. తొక్కిన కొద్దీ మునుగుద్ది. చోకు పూర్తిగా లాగు, కాలు తీసెయ్, అయిదు అంకెలు లెక్కబెట్టి తిప్పు” అనెను.

మొదటిసారి లేవలేదు. బ్యాటరీ తేరుకొనుటకు ఒక నిమిషము ఆగుమనెను. ఆ నిమిషము అక్కడి వారికెవ్వరికిని చిన్నదిగా తోచలేదు. రెండవసారి యంత్రము ఒక్క దగ్గు దగ్గి ఆరెను. మూడవసారి లేచెను. అందరు సంతోషముతో కేకలు వేసిరి గాని బాబాయి చేయి ఎత్తి, “లేచింది గాని ఇంకా మేలుకోలేదు. కాస్త నిలవనివ్వండి” అనెను. ఆ స్త్రీని వెనుకసీటులో పరుండబెట్టులోగా చోకును సగము నెట్టించెను. ఊరి పొలిమేర దాటులోగా పూర్తిగా నెట్టివేయించెను. చల్లపల్లి మీదుగా తెల్లవారులోగా ఆసుపత్రి చేరితిమి. తల్లియు బిడ్డయు క్షేమముగా ఇంటికి వచ్చిరి.

నా మనస్సున నిలిచినది ఆ చోకు సంగతియే. లాగుట అందరును త్వరగా నేర్చుకొందురు. నెట్టివేయుట మరతురు. వేడెక్కిన తరువాతను లాగియుంచినయెడల నల్లని పొగ వచ్చును, ప్లగ్గులకు మసి పట్టును, మండక మిగిలిన పెట్రోలు సిలిండరు గోడలమీది నూనెను కడిగివేసి ఇనుమును అరగదీయును. వేకువను ప్రాణము పోసిన సహాయమే ప్రొద్దెక్కిన తరువాత హాని చేయును.

ఇంకను కొన్ని సంగతులు మరువకుడి. ఇట్టి బండిని తలుపులు మూసిన పాకలో లేపకూడదు. ఆ పొగలో వాసనలేని విషవాయువు ఉండును. ఎవరైనను తొందరపడి త్రొక్కి ముంచినయెడల, చోకు నెట్టివేసి, యాక్సిలరేటరును పూర్తిగా త్రొక్కిపెట్టి త్రిప్పుడి. అప్పటికిని లేవకున్న ప్లగ్గులు విప్పి ఆరబెట్టుడి. అంబాసిడరువంటి బండిని ముందునుండి హ్యాండిలుతో త్రిప్పువారు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ల ప్రక్కనే ఉంచవలెను. యంత్రము వెనుకకు తన్నినయెడల ఆ వ్రేలు విరుగును. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతమునకు చేరినది. చెరకునుండియు ధాన్యములనుండియు తీయు ఆ ద్రవము తేమను పీల్చును, పాత రబ్బరు గొట్టములను చెరుపును. విజయవాడ ఆటోనగరుకు పోయినప్పుడు దానికి తాళు గొట్టములు అడిగి వేయించుకొనుడి.

ప్రియులారా, మన యిండ్లలోను చల్లారిన యంత్రములున్నవి. జ్వరముపడి లేచి బడికి పోనొల్లని పిల్ల కలదు. తుపానుకు పంట పోయి అరుగుమీద కూర్చుండిన అన్న కలడు. భర్తను మట్టిచేసి మూడు నెలలుగా పొయ్యి రాజేయని వదిన కలదు. అట్టివారిని మాటలతో మాటిమాటికి త్రొక్కుట వలన ఏమియు లేవదు. తేమ యెక్కడ పట్టినదో ముందు చూచి తుడువుడి. గిన్నె ఎండినయెడల నింపుడి. మొదట కావలసినదానికంటె కొంచెము ఎక్కువగానే పోయుడి. ఒకసారి లేవనియెడల ఒక నిమిషము ఆగి, మరల ప్రయత్నించుడి. వారు లేచిన తరువాత చేయి కొంచెము కొంచెముగా వెనుకకు తీసికొనుడి. ఆ అన్న తన అరకను తానే కట్టుకొని పొలమునకు పోవు దినమున మనము గట్టుమీద నిలిచి చూచిన చాలును.